కౌసేచ్చి చదివిన పేజీ

ఆ వారం కూడా కౌసల్య బీడీల లెక్క రోజుకు ఆరు వందలు దాటలేదు. ఇది వరుసగా మూడో వారం. ఇంకొక్క వారం ఇలాగే గడిస్తే ఆమెను బీడీలు చుట్టే హాల్లోంచి పంపేస్తారు. పంపేయడమంటే పని పీకేయడం కాదు. తునికాకూ పొగాకూ దారమూ బుట్టలో పెట్టిచ్చి, ఇక నువ్వు ఇంట్లోనే కూర్చుని చుట్టుకో అంటారు. వినేవాళ్ళకు ఇది సుఖంగానే ఉంటుంది. నీడపట్టున పని, వానలో తడుస్తూ రావక్కర్లేదు, ఇంకేం కావాలి అంటారు. అనేవాళ్ళ సొమ్మేం పోయింది! ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చుని చూస్తే తెలిసేది.

ఆ ఇంట్లో ఎవరూ లేరు. భర్త కొడగు కాఫీ తోటల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. విషు పండక్కొకసారి, ఓణం పండక్కొకసారి వచ్చి రెండు రోజులుండి పోతాడు. ఒక్కగానొక్క కూతురు ప్రసీన తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. అది జరిగి పద్నాలుగేళ్ళు. ఆ రోజు కౌసల్య ఇంట్లో లేదు. ఒళ్ళు కాలుతున్న పిల్లను పక్కింటి ముసలమ్మకు అప్పజెప్పి పనికొచ్చింది. హాజరు పోతుందని వచ్చానని అందరితోనూ చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి కబురొచ్చేసరికి ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చేటలో పెట్టి, అప్పుడు లేచింది. ఎందుకలా చేసిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. ఏడుపు దిగమింగుకుంది అనుకునేరు, అదేం కాదు. రాలేదు, అంతే. పదిహేడో రోజున పనికొచ్చి తన చోట తను కూర్చుంది. అప్పటి నుంచీ గంజిలో ఉప్పుందో లేదో నాలుకకు తెలియదు. కత్తెర తగిలి వేలు తెగితే ఆకు మీద నెత్తురు చూసి తెలుసుకునేది. పండగొస్తే పండగ, వానొస్తే వాన. తెల్లారగానే ఇంటికి తాళం, చీకటిపడే వేళకు మళ్ళీ తాళం తీయడం. ఆదివారం వస్తే రోహిణి ఇంటికి పోయి, వాళ్ళ వసారాలో ఒక మూల గోడకు ఆనుకుని కూర్చునేది. రోహిణిది కూడా బీడీ హాల్లోనే పని, కౌసల్యకంటే నాలుగేళ్ళు చిన్న. చేచి అంటే అక్క కనుక కౌసేచ్చి అని పిలిచేది. పలకరిస్తే కౌసల్య పలికేది, పెడితే తినేది. ఇంట్లో మాత్రం పగటిపూట కూర్చోలేదు.

మరి అలాంటి మనిషి చేతులు ఇన్నేళ్ళు ఎలా ఆడాయి? రోజుకు వెయ్యి బీడీలు, ఒక్కోసారి పదకొండు వందలు. ఎలా ఆడాయంటే, ఆ హాల్లో చదివేవాడొకడు ఉండేవాడు కనుక.

కన్నూరు నుంచి కూత్తుపరంబ పోయే దారిలో, రోడ్డు వారగా ఉంటుంది ఆ పెంకుల హాలు. నలభైమంది. ఒళ్ళో చేట పెట్టుకుని కూర్చుంటే చేతులకు తెరిపి ఉండదు గానీ చెవులు ఖాళీ. అందుకని ఈ బీడీ పనివాళ్ళ సొసైటీ పుట్టకముందు నుంచీ అక్కడొక పద్ధతి ఉంది. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటూ చుడతారు. పొద్దున చాయ తాగాక పేపరు, మధ్యాహ్నం గంజి తాగాక నవల. చదివేవాడు బీడీ చుట్టడు కదా, మరి వాడి లెక్క? తలా ఒక కట్ట, అంటే ఇరవై అయిదు బీడీలు, వాడి బుట్టలో వేస్తారు. ఇది దయ తలచి ఇచ్చేది కాదు. దానమని ఎవడైనా నోరు జారితే అక్కడ వాణ్ణి కొట్టినంత పని చేస్తారు.

ఇరవై రెండేళ్ళు చదివినవాడు ఆనందన్. ఏట్టన్ అంటే అన్న కనుక అందరికీ ఆనందేట్టన్. పొట్టి మనిషి, గొంతు మాత్రం రోడ్డవతల చాయకొట్టు దాకా వినిపించేది. మంత్రి మాటలు ముక్కుతో చదివేవాడు, ముసలమ్మ మాటలు బోసినోటితో చదివేవాడు. "ఆగక్కడ! మళ్ళీ చదువు!" అని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు, దాని మీద పావుగంట జగడం, ఆ జగడంలో చేతులు ఇంకా జోరుగా ఆడేవి. ఆ గొంతు వింటున్నంతసేపూ కౌసల్యకు తన గురించి ఆలోచించే పని ఉండేది కాదు. చేతుల మానాన చేతులు పోయేవి.

ఆ ఆనందేట్టన్ వానాకాలం మొదట్లో ఒక పొద్దున పోయాడు. ఇంట్లో చాయ తాగుతూ గ్లాసు కింద పెట్టాడట, మళ్ళీ ఎత్తలేదట. దహనం అయిన మర్నాడు హాల్లో ఒక వింత జరిగింది. సాయంత్రం మేస్త్రీ భరతన్ చూస్తే చదివేవాడి బుట్ట నిండుగా ఉంది. ఎవరికి వాళ్ళు అలవాటు కొద్దీ తలా ఒక కట్ట వేసేశారు. ఇప్పుడు ఏ కట్ట ఎవరిదో తేల్చడం ఎలా? వెనక్కి తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ కట్టలన్నీ ఆనందేట్టన్ పేరునే రాసి, ఆయన భార్యకు పంపాడు భరతన్. చచ్చిపోయినవాడు ఒక రోజు పని చేసినట్టు సొసైటీ పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

తర్వాత భరతన్ ఒక రేడియో తెచ్చి పెట్టాడు. వారం తిరక్కుండానే కుంజంబు ఏట్టన్ దాని గొంతు నొక్కేశాడు. హాల్లో అందరికంటే పెద్దవాడు, నోరూ అంతే పెద్దది.

"దీంతో గొడవపడటానికి లేదు, ఆగమంటే ఆగదు. దీనికి మనమేం కట్ట వేస్తున్నామా, ఇదేమైనా మనకోసం చదువుతోందా? ఎవడికోసమో వాగుతోంది."

లెక్కలు పడిపోయాయి. అందరివీ తగ్గాయి గానీ, కౌసల్యవి కూలబడ్డాయి. వెయ్యి కాస్తా ఎనిమిది వందలైంది, ఎనిమిది ఆరైంది, ఇప్పుడు నాలుగు వందల ఎనభై. ఆకు కత్తిరించి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేది. పొగాకు పొయ్యాలని గుర్తొచ్చేసరికి ఆకు ఎండి విరిగేది.

నాలుగో వారం సోమవారం నాడు సొసైటీ పెద్దాఫీసు నుంచి సజీవన్ అనే కుర్ర అధికారి దిగాడు. పనివాళ్ళ పని ఎందుకు తగ్గుతోందో కనిపెట్టే చదువేదో చదివాడట. చేతిలో కాయితాల కట్ట. ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని అడిగాడు, ఆ ఓపికకు మెచ్చుకోవాలి.

"వెలుతురు సరిపోతోందా చేచీ? ఒకటి నుంచి అయిదు దాకా ఎన్ని మార్కులు వేస్తారు?"

"బాగానే ఉంది," అంది కౌసల్య.

"గాలి?"

"బాగుంది."

"కూర్చునే చోటు? నడుం నొప్పి గిడుం నొప్పి?"

"ఏం లేదు."

"మేస్త్రీ ఎలా మాట్లాడతారు? భయపడకండి, పేరు రాయను."

భరతన్ రెండడుగుల దూరంలో నిలబడి కప్పులో దూలాలు లెక్కపెడుతున్నాడు.

"బాగానే మాట్లాడతాడు."

"ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"ఇంట్లో ఎవరూ లేరు."

"అంటే ఇబ్బందుల్లేవు," అని రాసుకున్నాడు. "మరి లెక్క ఎందుకు తగ్గింది చేచీ?"

"తెలియదు సార్. చేతులు కదలడం లేదు."

పక్క వరసలోంచి కుంజంబు ఏట్టన్ అందుకున్నాడు. "సారూ, ఆ కాయితంలో మా ఆనందన్‌కి గడి ఉందా?"

"ఆయనెవరు?"

"పోయాడు."

"పోయినవాళ్ళకు గడి ఉండదండీ."

"అయితే మడిచి జేబులో పెట్టుకోండి. చెమట తుడుచుకోడానికి పనికొస్తుంది."

హాలంతా నవ్వింది. సజీవన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ మనిషి మంచివాడు, పట్టు వదల్లేదు. మంగళవారం రెండు ట్యూబులైట్లు పెట్టించాడు. బుధవారం ఫ్యాను జరిపించాడు, ఆకు మరోలా తడిపించాడు. ఒక్క బీడీ పెరగలేదు. గురువారం పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, నలభైమందికీ నలభై గీతలు గీశాడు. సాయంత్రానికి భరతన్‌ను పిలిచాడు.

"మేస్త్రీ, వానాకాలం నుంచీ అందరి గీతా కిందికే పోయింది. ఈ పొక్కన్ ఒక్కడిదే గీత చెక్కుచెదరలేదు. అప్పుడూ ఏడు వందల ఇరవై, ఇప్పుడూ ఏడు వందల ఇరవై. ఈయనకేమైనా వేరే ఆకు ఇస్తున్నారా?"

"ఏ ఆకూ ఇవ్వడం లేదు సార్," అన్నాడు భరతన్. "వాడికి పుట్టుచెముడు."

సజీవన్ కలానికి మూత పెట్టేశాడు. మర్నాడు పొద్దున హాలు మధ్యన నిలబడి చెప్పాడు. ఒక నెల గడువిస్తాను, చదివే మనిషిని మీరే ఎన్నుకోండి. నెలాఖరుకు హాలు లెక్క పోయినేటి లెక్కకు చేరితే ఈ పద్ధతి ఉంటుంది. చేరకపోతే పెద్దాఫీసువాళ్ళు ఊరుకోరు, చదువు ఆపించేస్తారు, ఆరు వందలు దాటనివాళ్ళను ఇళ్ళకు పంపించేస్తారు.

ఎవరు చదవాలి? రోహిణి చటుక్కున లేచింది.

"కౌసేచ్చి."

కౌసల్య తలెత్తి చూసింది. "నీకేమైనా మతిపోయిందా? నేను చదివింది నాలుగో తరగతి."

"అక్షరాలు వచ్చు కదా. చాలు."

రోహిణి ఎత్తు హాల్లో అందరికీ అర్థమైంది. చదివేవాళ్ళ లెక్క హాలు చూసుకుంటుంది కనుక కౌసేచ్చి ఆరు వందల గండం గట్టెక్కుతుంది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు కుంజంబు ఏట్టన్. పొగాకు అంటిన చేతులు వరసగా లేచాయి. ఏం జరుగుతోందో వినపడని పొక్కన్ కూడా పక్కవాణ్ణి చూసి ఎత్తాడు. కౌసల్యకు సంతోషం కలగలేదు, భయమూ కలగలేదు. లేచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఇంటికి పోనక్కర్లేదు, అది చాలు.

చదివింది. అబ్బ, ఏం చదువు! వాక్యం కింద వేలు పెట్టి, వేలు ఎక్కడుంటే మాట అక్కడ. ముందు ఏముందో చూసుకోవడం లేదు, వెనక ఏం చదివిందో తలచుకోవడం లేదు. నోరు పలికాక ఎప్పటికో బుర్రకెక్కేది. రెండో రోజుకే ప్రజిత గోల మొదలుపెట్టింది. హాల్లో అందరికంటే చిన్నది, వచ్చి రెండేళ్ళే.

"ఏచ్చీ, మంత్రి రాజీనామా, కొబ్బరికాయ ధర, రెండూ ఒకే గొంతుతో చదివితే ఎలా? ఎక్కడ తిట్టాలో ఎక్కడ నవ్వాలో తెలియడం లేదు."

"నువ్వు నోర్మూసుకుని చుట్టు," అంది రోహిణి.

అయినా లెక్కలు కొంచెం లేచాయి. రెండు వారాలకు సగం దూరం వచ్చారు. సగం చాలదు. పేపరుతో ఇంతకంటే లేవదు, నవల ఉండాలి అన్నారు. ఏ నవల?

"పడవవాడి నవల," అంది ప్రజిత. "ఆనందేట్టన్ అది చదివినప్పుడు హాలు కొట్టిన లెక్క మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదట కదా? మా అమ్మ చెప్పింది. నేను వినలేదు."

పాతవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదెందుకే, పాత చింతకాయ పచ్చడి," అంది రోహిణి.

"ఆ పుస్తకం చెదలు పట్టిపోయింది," అన్నాడు కుంజంబు ఏట్టన్. "లేదు. బీరువాలో లేదు."

"గ్రంథాలయంలో ఉంది," అంది కౌసల్య. "నేను తెస్తాను."

ఆమె తనంతట తాను ఒక పని చేస్తాననడం ఆ హాలు విని ఎన్నేళ్ళయిందో! వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. రోహిణి ఆ సాయంత్రం దారంతా ఏదేదో చెప్పి చూసింది. చరిత్ర నవల తీసుకో ఏచ్చీ, దొంగల నవల తీసుకో, ఇంకోటి తీసుకో. కౌసల్య విననట్టే నడిచింది.

ఆమెకు ఆ నవలే కావాలి. పిల్ల పోయిన రోజుల్లో ఆనందేట్టన్ చదువుతున్నది అదే. రేవులో పడవ నడిపే ఒక తండ్రి, తల్లి లేని కూతురు తంకమణి. ఆ పిల్లకు విషజ్వరం వస్తుంది. తండ్రి పడవ కట్టేసి, తొమ్మిది రోజులు మంచం పక్క నుంచి కదలకుండా కూర్చుంటాడు. తొమ్మిదో రోజున జ్వరం దిగుతుంది. పిల్ల లేచి గంజి అడుగుతుంది. పదిహేడో రోజున పనికొచ్చి కూర్చున్న కౌసల్య విన్నది ఆ పేజీనే. ఆమె కోసం హాలు అన్నాళ్ళూ నవల ఆపి ఉంచింది. ఆ తర్వాత ఆ తంకమణి పెద్దదైంది, పెళ్ళి చేసుకుంది, తండ్రికి ముసలితనంలో ఆసరా అయింది. ఎక్కడో ఒక చోట ఒక పిల్ల బతికిందనే సంగతి కౌసల్య పద్నాలుగేళ్ళు దాచుకుంది. దాంతో పాటు ఇంకో సంగతి కూడా దాచుకుంది. పడవవాడు లేవలేదు, బతికించుకున్నాడు. తను లేచి పనికొచ్చింది.

చదవడం మొదలుపెట్టాక ఆమె గొంతులో ఏదో మార్పు వచ్చింది. పెద్ద మార్పేం కాదు. పడవవాడు నవ్వినప్పుడు కొంచెం ఆగేది. తంకమణి అల్లరి చేసినప్పుడు కొంచెం పైకి లేచేది. ప్రజిత పకపకా నవ్వేది. "ఆగక్కడ, మళ్ళీ చదువు!" అనే అరుపులు మళ్ళీ మొదలయ్యాయి. వారం రోజుల్లో లెక్క జివ్వున లేచింది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే నడిస్తే పోయినేటి లెక్క దొరుకుతుందని భరతన్ అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. పాతవాళ్ళు మాత్రం రోజు రోజుకీ మొహాలు వేలాడేసుకున్నారు. గురువారం నాటికి తంకమణికి జ్వరం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం గంజి తాగి వచ్చేసరికి రోహిణి చదివే కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏచ్చీ, ఇవాళ నేను చదువుతాను. నీ గొంతు బొంగురుపోయింది."

"నా గొంతుకేం? లేమ్మా, లే."

"ఒక్క రోజే కదా..."

"లే రోహిణీ. ఈ పేజీ నేనే చదవాలి."

రోహిణి కుంజంబు ఏట్టన్ వైపు చూసింది. ఆయన తల వంచుకుని ఆకు కత్తిరిస్తున్నాడు, కత్తెర ఊరికే గాల్లో ఆడుతోంది. రోహిణి లేచి తన చోటికి వెళ్ళిపోయింది. లెక్క చూడటానికొచ్చిన సజీవన్ గుమ్మంలో నిలబడ్డాడు. కౌసల్య కుర్చీలో సర్దుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది.

"పడవ రేవులో కట్టేసి ఉంది. తొమ్మిది రోజులుగా అతడు మంచం పక్క నుంచి లేవలేదు. కూతురి చెయ్యి అతడి చేతిలోనే ఉంది. తొమ్మిదో నాటి తెల్లవారుజామున, ఆ చెయ్యి అతడి చేతిలో ఉండగానే, తంకమణి ఊపిరి ఆగిపోయింది. ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో దీపం..."

వేలు ఆగింది. నోరు పలికింది బుర్రకు ఇప్పుడెక్కింది.

"తప్పు," అంది కౌసల్య. "అచ్చు తప్పు పడింది."

వేలు వెనక్కి జరిపి ఆ వాక్యం మళ్ళీ చూసుకుంది.

"ఇలా కాదు కదా ఉండాలి. జ్వరం దిగుతుంది. గంజి అడుగుతుంది. ఇది వేరే పుస్తకం, వేరేవాళ్ళు రాసిందేమో." అట్ట తిప్పి చూసింది. "అదే పుస్తకం. మరి ఇదేంటి?"

"అచ్చు తప్పు కాదు కౌసూ," అన్నాడు కుంజంబు ఏట్టన్. చేట పక్కన పెట్టాడు. "పుస్తకంలో ఉన్నది అంతే. ఆ పిల్ల చచ్చిపోతుంది."

"ఆనందేట్టన్ చదివాడు కదా!"

"లేనిది చదివాడు. నువ్వు సెలవులో ఉన్నావు. నువ్వొచ్చాక ఆ పేజీ చదవాల్సి వస్తుందని ఆనందన్ ఒకటే గింజుకున్నాడు. నవల మానేద్దామంటే ఎందుకు మానేశారంటావు. అందుకని హాల్లో చర్చ పెట్టాం. పిల్లను బతికిద్దామని నేనే అన్నాను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాం. ఎత్తారు."

"ఎంతమంది?"

"అందరూ."

"ఆ తర్వాతంతా? దాని పెళ్ళి?"

"పాపం, ఆయన సొంతంగా అల్లిందే," అంది రోహిణి. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు ఆగడం లేదు. "రోజూ ఇంటికెళ్ళి మర్నాటిది రాసుకొచ్చేవాడు. పుస్తకం మధ్యలో కాయితాలు పెట్టుకుని చదివేవాడు. మాకందరికీ తెలుసు ఏచ్చీ. సగం మందిమి ఆ పుస్తకం అప్పటికే చదివాం."

హాల్లో ఒక్క చెయ్యీ కదలడం లేదు. సజీవన్ భరతన్ దగ్గరికి వచ్చి గుసగుసలాడాడు. "పని ఆగిపోయిందేంటి మేస్త్రీ? గడువుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి."

"ఇవాళ్టికి వదిలెయ్యండి సార్," అన్నాడు భరతన్.

సజీవన్ చేతిలోని కాయితాలు మడిచేసి, చెప్పులు విప్పి, గోడవారగా కూర్చున్నాడు. ఆ నెల లెక్క పోయినేటికి కాస్త తక్కువగానే తేలింది. అయినా చేరింది అని రాశాడు ఆ కుర్రాడు. చదివే కుర్చీ అలాగే ఉండాలని, ఎవరినీ ఇంటికి పంపనక్కర్లేదని రాశాడు. ఆ మాట హాలుకు తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం లెక్క ఎవరికీ గుర్తు లేదు.

కౌసల్య కోపంగా చూసింది. ఆ మొహంలో కోపం చూడటం కూడా వాళ్ళకు కొత్తే.

"ఎంత పని చేశారు మీరు," అంది. "ఎంత పని చేశారు! ఆ రోజు నేను హాజరు కోసం రాలేదు. హాజరు పోతే పోయేది. ముందు రోజు ఆనందేట్టన్ నవలను తంకమణి జ్వరం దగ్గర ఆపాడు. ఆ పిల్ల బతుకుతుందా లేదా అని వినాలని వచ్చాను. ప్రసీన ఒళ్ళు పెనంలా కాలుతోంది, అమ్మా పోకు అంది, అయినా వచ్చాను. కథ కోసం వచ్చాను. తీరా ఆ రోజు ఆయన మీటింగుకు పోయి నవలే చదవలేదు."

రోహిణి పమిట నోట్లో కుక్కుకుంది.

"వచ్చాక మీరేమో బతికించారు! పద్నాలుగేళ్ళు రోజూ అనుకున్నాను. వాడు లేవలేదు కనుక వాడి పిల్ల బతికింది. నేను లేచాను కనుక నా పిల్ల చచ్చింది. అన్నం ముందు అదే, ఆకు ముందు అదే. రోజూ!"

"మాకు తెలియలేదమ్మా," అన్నాడు కుంజంబు ఏట్టన్. అంత నోరున్నవాడికి మాట కూడబలుక్కోవాల్సి వచ్చింది. "నీకు బాధ తప్పిద్దామనుకున్నాం."

కౌసల్య మళ్ళీ పుస్తకంలోకి చూసింది. తర్వాత కోపం లేని గొంతుతో, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"పక్కనే కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు."

"తొమ్మిది రోజులూ లేవలేదా?"

"లేవలేదు. అక్కడే రాసుంది కదా."

"చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అయినా పోయిందా?"

"పోయింది కౌసూ. అయినా పోయింది."

ఆమె తల ఊపింది. పేజీ మొదటికి వెళ్ళి, వేలు పెట్టి, పైకి చదవసాగింది. పడవ రేవులో కట్టేసి ఉంది. లేవలేదు అన్న మాట దగ్గర గొంతు పగిలింది. ఆగలేదు, ఏడుస్తూనే చదివింది. పెద్దగా, ముక్కు చీదుకుంటూ, పద్నాలుగేళ్ళ ఏడుపు ఏడుస్తూ, అక్షరం అక్షరం చదివింది. ప్రజిత భయపడి లేచి పుస్తకం తీసుకోబోతే కుంజంబు ఏట్టన్ చెయ్యి అడ్డం పెట్టాడు. పేజీ చివరికి వచ్చి మళ్ళీ పైకి వెళ్ళింది. మూడోసారి చదివేటప్పుడు, తంకమణి ఊపిరి ఆగిపోయింది అని ఉన్న చోట, ప్రసీన ఊపిరి ఆగిపోయింది అని చదివింది. ఆమె తప్పు చదివిందని ఎవరూ అనలేదు.